గజాల లెక్క

గోల్ఫ్ గురించి తెలుగులో రాయడానికి కూర్చుంటే ముందు ఒక సంజాయిషీ ఇచ్చుకోవాలనిపిస్తుంది. క్రికెట్ గురించి రాసేవాడికి ఆ అవసరం లేదు. చదరంగానికీ లేదు. గోల్ఫ్ అనగానే మాత్రం ఎదుటివాడి చూపు మన బూట్ల మీదకి పోతుంది. మన సినిమాల్లో గోల్ఫ్ కర్ర పట్టుకున్నవాడు అయితే హీరోయిన్ తండ్రి, లేకపోతే విలన్. ఆ పచ్చగడ్డిని చూపించేది వాడి డబ్బు ఎంతో మనకి తెలియడానికే.

నేను నిజం గోల్ఫ్ కర్ర ఇంతవరకు ముట్టుకోలేదు. గచ్చిబౌలిలో మా ఆఫీసు క్యాంటీన్ కిటికీలోంచి బౌల్డర్ హిల్స్ పచ్చదనం ఒక ముక్క కనిపిస్తుంది. టీ తాగుతూ దాన్ని చూడటం వరకే నా అనుభవం. ఇక్కడ చెప్పేది కంప్యూటర్లో ఆడే గోల్ఫ్ గురించి. నేను దాన్ని నేర్చుకున్నది ఎడ్లపాడులో, మా ఇంటి వసారాలో, మిరపకాయల టిక్కీలు పెట్టుకునే మూల బల్ల వేసుకుని.

ఊరు తెలియనివాళ్ళ కోసం: గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే హైవే మీద, పేట ఇంకాసేపట్లో వస్తుందనగా తగులుతుంది. స్పిన్నింగ్ మిల్లులు, ఓ పక్కన కొండవీడు కొండలు, మధ్యలో నల్లరేగడి, పత్తి, మిరప. అప్పట్లో గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు. 2020 మార్చిలో, జనతా కర్ఫ్యూకి ముందురోజు, ల్యాప్‌టాప్ బ్యాగుతో బస్సు దిగాను. పది రోజులనుకున్నది రెండేళ్ళయింది.

ఇంట్లో పరిస్థితి ఏమంత బాగాలేదు. ఆ జనవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, కాలు చాలావరకు తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం బరువుగా ఉండిపోయింది. పేట నుంచి వారానికి మూడుసార్లు వచ్చి చేతికి వ్యాయామం చేయించే అబ్బాయి లాక్‌డౌన్‌తో రావడం మానేశాడు. ఫోన్లో చెప్పేవాడు: వేళ్ళతో చిన్న చిన్న పనులు, మళ్ళీ మళ్ళీ, రోజూ చేయించండి అని. అమ్మ ఒక గిన్నెలో శనగలు పోసి ఇచ్చేది, ఒక్కొక్కటీ తీసి ఇంకో గిన్నెలో వెయ్యమని. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. రెండోరోజు గిన్నె పక్కకి నెట్టేసి, "నేనేమన్నా అంగన్‌వాడీ పిల్లోణ్ణా" అన్నాడు. ఆ తర్వాత శనగలు ఎవరూ తియ్యలేదు.

నా పని రాత్రిపూట. అమెరికా వాళ్ళతో కాల్స్ తొమ్మిదింటికి మొదలై ఒంటిగంటకి అయ్యేవి. మధ్యలో అరగంటలు, ముప్పావుగంటలు ఖాళీ. ఆ ఖాళీల్లో దొరికింది వరల్డ్ గోల్ఫ్ టూర్. 2008 నుంచి ఉన్న ఆట అది. బొమ్మలు గీసి తయారుచేసిన మైదానాలు కావు అందులో. నిజం గోల్ఫ్ కోర్సులకి వెళ్ళి అంగుళం అంగుళం ఫోటోలు తీసి, వాటి మీద బంతిని నడిపిస్తారు. కొట్టే ముందు గాలి ఎటు ఉంది, జెండా ఎంత దూరం, నేల ఎంత ఎత్తు పల్లం, అన్నీ తెర మీద అంకెల్లో కనిపిస్తాయి. ఏ కర్రతో కొట్టాలో, ఎటు కొట్టాలో ఎంచుకుంటాం. ఇక మిగిలింది మీటరు. ఒక గీత మీద చిన్న గుర్తు కుడికి పరిగెడుతుంది, అది బలం. అక్కడినుంచి వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు ఒకచోట నిలువుగీత ఉంటుంది. గుర్తు సరిగ్గా ఆ గీత మీదకి వచ్చినప్పుడు నొక్కాలి. ముందు నొక్కితే బంతి ఒకపక్కకి, ఆలస్యమైతే ఇంకోపక్కకి పోతుంది.

ఈ మీటరు పుట్టి చాలా కాలమైంది. 1984లో నింటెండో వాళ్ళ 'గోల్ఫ్' అనే ఆటలో వచ్చింది. దానికి ప్రోగ్రాం రాసింది సతోరు ఇవాతా, తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడైన మనిషి. నలభై ఏళ్ళుగా గ్రాఫిక్స్ ఎక్కడినుంచి ఎక్కడికో పోయాయి కానీ గోల్ఫ్ కంప్యూటర్లోకి వచ్చేసరికి చాలా ఆటలు ఇంకా ఈ గీత దగ్గరే తిరుగుతున్నాయి. ఒళ్ళంతా తిప్పి కొట్టే దెబ్బని ఒక వేలి నొక్కులోకి కుదించడానికి అంతకంటే మంచి ఉపాయం దొరకలేదేమో. నాకైతే మంచి అనువాదంలా అనిపిస్తుంది. మూలంలో ఉన్న కండలు, నడుము, మడమ అన్నీ పోయాయి. 'సరైన క్షణం' అనే ఒక్కదాన్ని మాత్రం పోనివ్వలేదు.

కొత్తగా చేరినవాణ్ణి ఆట 'హ్యాక్' అని పిలుస్తుంది. ఆఫీసులో నా పేరు పక్కన 'సీనియర్' ఉండి అప్పటికి ఐదేళ్ళు. ఇక్కడ నాలుగు దెబ్బల్లో పడాల్సిన బంతికి తొమ్మిది. ఒక బంతి ఇసుకలోకి, ఒకటి నీళ్ళలోకి, ఒకటి ఎవరో తెల్లాయన ఇంటి వెనక పొదల్లోకి. కొత్తవాడిగా ఉండటంలో ఒక సుఖం ఉంది, అది మా వృత్తిలో తొందరగా పోతుంది. తెలియనిది ఎదురైనా తెలిసినట్టు తల ఊపడం జీతంలో భాగమైపోతుంది. హ్యాక్ అని నుదుటి మీద రాసిపెట్టాక ఇక తల ఊపే పని లేదు.

మే నెలలో ఒకరాత్రి ఉక్కపోతకి నిద్రపట్టక నాన్న వసారాలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కాసేపు తెర వంక చూసి, అన్నిటికంటే ముందు ఆయన అడిగింది ఇది:

"ఎవుడి పొలంరా అది?"

నవ్వొచ్చింది కానీ ప్రశ్న సరైనదే. పద్దెనిమిది గుంటల గోల్ఫ్ కోర్సుకి సుమారు నూట యాభై ఎకరాలు కావాలి. చెప్పాను. మాకున్నది నాలుగున్నర. "నూట యాభై ఎకరాల్లో గడ్డి పెంచి, ఆ గడ్డిని కోసి, దాన్ని గొడ్డుకి కూడా వెయ్యరా?" అన్నాడు. నీళ్ళెక్కణ్ణించి తెస్తారని అడిగాడు. సాగర్ కుడికాలువ మీద బతికినవాడు నీళ్ళ సంగతి అడగకుండా ఉండడు.

అప్పుడు తెర మీద ఉన్నది స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్, ఓల్డ్ కోర్స్. ఈ ఆటకి పుట్టిల్లు అంటారు. దాని కథ చెబితే నాన్న మెత్తబడ్డాడు. అది ఏ జమీందారుదీ కాదు. సముద్రానికీ సాగునేలకీ మధ్య దేనికీ పనికిరాని ఇసుకనేల. అలాంటి నేలని అక్కడ లింక్స్ అంటారు. గొర్రెలు మేసేవి. ఆ గొర్రెలు గాలికి ఒదిగి పడుకున్న గుంటలే తర్వాత ఇసుక బంకర్లు అయ్యాయని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆదివారం ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు వచ్చి గడ్డి మీద తిరుగుతారు. "అంటే పోరంబోకు అన్నమాట" అన్నాడు. అంతే. ఇంతకంటే మంచి తెలుగుమాట లింక్స్‌కి నేను తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. 1457లో స్కాట్లండ్ రాజు ఈ ఆటని నిషేధించాడట, జనం విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని. అప్పటికి మా కొండవీటి రెడ్ల రాజ్యం ముగిసిపోయింది కూడా. పోరంబోకులో గొర్రెలకాపరులు ఆడుకున్న ఆట పద్దెనిమిదో అంతస్తు నుంచి చూసుకునే ఆట ఎట్లా అయిందన్నది వేరే వ్యాసం, అది రాయాల్సింది కూడా నేను కాదు.

ఆయన్ని ఆటలోకి లాగింది మాత్రం గజాలు.

గోల్ఫ్‌లో దూరాలన్నీ యార్డుల్లో ఉంటాయి. ప్రపంచం మీటర్లలోకి పోయినా గోల్ఫ్ చాలాచోట్ల యార్డు వదల్లేదు. మనమూ వదల్లేదు. యార్డంటే మూడడుగులు, అంటే మన గజం. హైవే పక్కన ప్లాట్లు గజాల్లోనే అమ్ముతారు. సెంటుకి 48.4 చదరపు గజాలు, ఎకరాకి 4,840. నాన్నకి ఇవి ఎక్కాల కంటే బాగా వచ్చు. నేను మీటర్లలో చదువుకున్నవాణ్ణి. '163' అని తెర మీద కనిపిస్తే నాకది అంకె. నాన్నకి దూరం. "నూట అరవై గజాలంటే మన చేను గట్టు దగ్గర్నించి మోటారు కాడికి" అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కర్రల సంగతి కూడా అట్టాగే పట్టేశాడు. ఐరన్ కర్రల నెంబరు పెరిగేకొద్దీ బంతి పైకి లేస్తుంది, దూరం తగ్గుతుంది. "వడిసెలలో రాయి" అన్నాడు. జొన్న చేల మీద పిట్టల్ని తోలిన రోజుల్లో ఏ రాయికి ఎంత ఎత్తు అనేది ఆయనకి చేతిలో ఉండేది.

ఇంకా ఆశ్చర్యం గ్రీన్ మీద. గ్రీన్ అంటే గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి. అక్కడ బంతిని దొర్లించాలి. నేల ఎటు వాలిందో తెలియడానికి ఆటలో ఒక వల గీస్తారు, వల గీతల మీద చిన్న చుక్కలు వాలు ఉన్నవైపు పాకుతుంటాయి. ఎంత వేగంగా పాకితే అంత వాలు. నేను ఈ చుక్కలతో రెండు వారాలు కుస్తీ పట్టాను. ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు కలుపు, పల్లానికి తియ్యి అని ఆటగాళ్ళలో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, దాన్ని ఎక్సెల్ షీట్లో పెట్టుకున్నాను. గ్రీన్ వేగానికి ఇంకో కాలమ్. గ్రీన్‌కి వేగమేమిటంటే, 1935లో ఎడ్వర్డ్ స్టింప్‌సన్ అనే ఆయన ఒక కర్రబద్ద చేశాడు. దానికి గాడి ఉంటుంది. గాడిలో బంతి పెట్టి బద్దని ఒకపక్క పైకి లేపితే, బంతి జారి గడ్డి మీద ఎన్ని అడుగులు పోతే అంత వేగం. పది అడుగులు పోతే పది. ఇంత సూటి కొలత ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళూ నాకు తగల్లేదు.

నాన్న చుక్కల వంక చూసి, "నీళ్ళు పెడితే యాడికి పోతయ్యో అది. అంతేగా?" అన్నాడు. అంతే. నిజం గోల్ఫ్ ఆటగాళ్ళు కూడా గ్రీన్ మీద బకెట్టు నీళ్ళు పోస్తే ఎటు పారతాయో ఊహించుకోమని కొత్తవాళ్ళకి చెబుతారని తర్వాత చదివాను. చేనుకి బోదె తీసి, పార పట్టుకుని, అర్ధరాత్రి బ్యాటరీలైటు వెలుగులో నీళ్ళు ఎటు మళ్ళుతున్నాయో చూసినవాడికి ఆ వల ఒక లెక్కా? "ఎడమకి రెండడుగులు పెట్టు... ఆఁ, చాలు. చివర్లో లాగిద్ది చూడు" అనేవాడు. లాగేది. ఎక్సెల్ షీటు ఆ నెలలోనే మూతపడింది.

అట్లా ఆయన చెప్పడం, నేను నొక్కడం కొన్నాళ్ళు నడిచింది. తర్వాత ఒకరోజు మౌసు ఆయన చేతికింద పెట్టాను. కుడిచేతికింద. ఏమీ అనలేదు. శనగల గిన్నె గుర్తొచ్చిందేమోనని భయం నాకు. ఆయనకి గుర్తొచ్చినట్టు లేదు. గాలి చూస్తున్నాడు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే కనక. కంటికి కనబడ్డదానికి వేలు కదలడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. మీటరు గుర్తు గీత మీద ఉండేది అందులో చిన్న భాగం. తెర సెకనుకి అరవైసార్లు మారుతుందనుకుంటే ఒక్కో బొమ్మ ఉండేది పదహారు మిల్లీసెకన్ల పైచిలుకు. అంటే గుర్తు గీత మీదకి వచ్చాక నొక్కుదామనుకుంటే ఎవరికీ అందదు. రాబోతోందని ముందే తెలిసి, వేలికి ముందే కబురు పంపాలి. కదిలే బస్సు ఎక్కేవాడు చేసే పని ఇదే. మా పనిలో నెట్ ఆలస్యాన్ని లేటెన్సీ అంటాం, దాని చుట్టూ నా ఉద్యోగంలో సగం తిరుగుతుంది. ఊళ్ళో కేబుల్ నెట్ ఎంత నత్తయినా ఈ ఆటలో మీటరు మాత్రం మన కంప్యూటర్లోనే నడుస్తుంది. కాబట్టి అక్కడున్న ఆలస్యం అంతా మనిషిదే.

నాన్న దెబ్బలన్నీ ఎడమకి పోయేవి. అన్నీ. వేలికి కబురు చేరేసరికి గుర్తు గీత దాటిపోయేది. నాకు మాత్రం ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఒకటి సూటిగా. రెండుమూడు రోజులు చూశాక అలవాటు కొద్దీ రాసుకున్నాను. నూట యాభై గజాల దెబ్బలో ఆయన బంతి జెండాకి ఎడమపక్క పన్నెండు గజాల దగ్గర పడుతోంది. ఒకటి పదకొండు, ఇంకొకటి పదమూడు, మళ్ళీ పన్నెండు. గడియారంలా. స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి బయాస్, వేరియన్స్ అనే మాటలు గుర్తుండే ఉంటాయి. ఒకేవైపు ఒకే కొలతతో పోయే తేడాని సరిచెయ్యొచ్చు. చెల్లాచెదురుగా పోయేదాన్ని సరిచెయ్యలేం. నాది రెండోది, నాన్నది మొదటిది. "నాన్నా, జెండాకి కుడిపక్క పన్నెండు గజాలు పెట్టి కొట్టు" అన్నాను. కొట్టాడు. బంతి గాల్లో ఎడమకి తిరిగి గ్రీన్ మధ్యలో దిగింది. ఆయన నా వంక చూడలేదు, తెర వంకే చూస్తూ, "చెయ్యి వంకరైతే గురి వంకర పెట్టుకోవాల" అన్నాడు. ఆ రాత్రి నా కాల్ మొదలైనా ఆయన లేవలేదు. వేరే ల్యాప్‌టాప్ లేక ఫోన్లో మాట్లాడాను.

ఆ పన్నెండుని నేను ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. తేదీ, గజాలు. జూన్ చివరికి పది. ఆగస్టులో పత్తి గూడ కట్టే రోజులకి ఎనిమిది. దసరాకి ఆరు. చేతి వ్యాయామాలు కూడా సాగుతున్నాయి, కాలం కూడా గడుస్తోంది, కాబట్టి ఈ ఆట వల్ల నయమైందని నేను అనను. అనేవాళ్ళని నమ్మను కూడా. నేను చెప్పగలిగింది ఒకటే, డాక్టరు చెయ్యి నొక్కి 'బాగానే ఉంది' అని చెప్పినప్పుడు మాకు తెలియనిది ఈ అంకెలో కనిపించేది. గురి గుర్తు నెల నెలా జెండా వైపు జరిగేది. అమ్మకి గోల్ఫ్ ఏమిటో ఇప్పటికీ తెలియదు. కానీ పొద్దున్నే కాఫీ ఇస్తూ "ఇయ్యాల ఎన్ని గజాలు?" అని అడిగేది.

నాలుగు దగ్గర ఆగిపోయింది. సంక్రాంతికి నాలుగు, ఉగాదికి నాలుగు. ఆ తర్వాత నోట్‌బుక్ నేనే మూసేశాను. ఒకే అంకె రోజూ రాయడం బాగుండదు. ఆయనకి నాలుగు అలవాటైపోయింది. జెండాకి నాలుగు గజాలు కుడికి పెట్టడం ఆయన ఆటలో ఎంత భాగమైందంటే, గాలి ఎడమనించి వీస్తే రెండూ కలిపి నోటితోనే లెక్కేసేవాడు.

2021 ఆగస్టు 7 తెల్లవారుజామున ఇద్దరం టీవీ ముందు ఉన్నాం. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ చివరి రౌండు. దేశం మొత్తం ఆ నాలుగు రోజుల్లోనే బర్డీ, బోగీ అనే మాటలు నేర్చుకుంది, కాబట్టి ఆ ఒక్కరోజు మా వసారా ఊరి కంటే ఏడాది ముందుంది. బెంగళూరు అమ్మాయి, కర్రల సంచి మోస్తున్నది వాళ్ళమ్మ మహేశ్వరి. అదితి దెబ్బకి పక్కనున్న నెల్లీ కోర్డా, లిడియా కో అంత దూరం లేదు. ప్రతిసారీ వెనక పడటం, తర్వాత గ్రీన్ మీద పటర్‌తో అందుకోవడం. "ఈ పిల్లకి బలం లేదు, లెక్కుంది" అన్నాడు నాన్న. మధ్యలో వాన వచ్చి ఆట ఆగింది. ఆగుతుందేమో, ఉన్న స్థానాలకే పతకాలిస్తారేమో అని ఊళ్ళో కుర్రాళ్ళు వాట్సాప్‌లో లెక్కలు. మళ్ళీ మొదలైంది. పద్దెనిమిదో గుంట దగ్గర దూరం నించి కొట్టిన బంతి పక్కనించి పోయింది. కోర్డా పదిహేడు అండర్, ఇనామి, కో పదహారు, అదితి పదిహేను. ఒక్క దెబ్బ తేడాతో నాలుగో స్థానం. సాయంత్రం నీరజ్ చోప్రా ఈటె విసిరి బంగారం తెచ్చాడు, ఊరు ఊరంతా అటు తిరిగింది. నాన్న మాత్రం రెండురోజులు ఆ చివరి బంతి గురించే. చుక్కలు కనపడకుండా ఆడుతున్నారు వాళ్ళు, ఆ సంగతి మర్చిపోకు అనేవాడు నాతో, నేనేదో అదితిని తిట్టినట్టు.

డబ్బు సంగతి చెప్పకపోతే ఆట గురించి అబద్ధం చెప్పినట్టే. ఆడటం ఉచితం. మంచి కర్రలు, మంచి బంతులు ఉచితం కాదు. కొన్న బంతికి మీటరు నిదానంగా కదులుతుంది, కొన్న కర్ర దూరం కొడుతుంది. అంటే ఈ ఆటలో డబ్బుపెట్టి కొనేది అక్షరాలా కాలం, ఆ మిల్లీసెకన్లే. ఆలస్యంగా కదిలే వేలు ఉన్నవాడికి ఇంతకంటే పనికొచ్చే సరుకు లేదు. నేను కొంటానన్నాను. నాలుగు వందలో ఎంతో, పిజ్జా ఖరీదు. నాన్న ఒప్పుకోలేదు. విత్తనాలకీ మందులకీ కంపెనీలు చెప్పిన ధర చెల్లించి విసిగిన మనిషి, లేని బంతికి డబ్బు కట్టడం ఆయనకి మింగుడుపడలేదు. "మొదట ఊరికే ఇచ్చి అలవాటు చేస్తారు, తర్వాత సంచికింత అంటారు" అన్నాడు. ఉచిత బంతితోనే ఆడాడు. నేను హైదరాబాదు వెళ్ళాక నాకోసం కొనుక్కున్నాను. మీటరు నిజంగానే నిదానంగా కదిలింది, స్కోరు బాగుపడింది, ఆడటం తగ్గింది. ఎందుకో ఆలోచించలేదు.

2022 మొదట్లో ఆఫీసులు తెరిచారు. పాత ల్యాప్‌టాప్ ఊళ్ళో ఉంచేశాను. పత్తి తీతలు అయ్యాక రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది. బాగున్నావా, తిన్నావా అయ్యాక అసలు విషయం: "ఎదురుగాలి పదిహేనుంది, నూట నలభై, పల్లం. ఏ కర్ర?" నేను చెబుతాను, ఆయన ఇంకోటి కొడతాడు. అడగడం ఎందుకో.

కిందటి వేసవిలో ఒక చిక్కు వచ్చింది. ఈ ఆటలో సగటు స్కోరు బాగుపడితే పై మెట్టుకి తోస్తారు. హ్యాక్ తర్వాత అమెచ్యూర్, తర్వాత ప్రో, ఇంకా పైకి. మెట్టెక్కేకొద్దీ బంతి పెట్టే చోటు వెనక్కి జరుగుతుంది, గ్రీన్ల వేగం పెరుగుతుంది. నాన్న అమెచ్యూర్ చివరికి వచ్చాడు. సంగతి చెబితే కోపమొచ్చింది. "బాగా కొడుతున్నానని గుంటని దూరం జరుపుతారా? ఇదేం పద్ధతి?" ఆయన వాదన న్యాయంగానే ఉంది. ఇన్నాళ్ళూ లెక్కలన్నీ ఇక్కడి గజాలకి కట్టుకున్నవి. నాలుగు గజాల కుడి గురి నూట యాభైకి సరిపోతుంది, రెండు వందల మీద అది ఐదున్నర అవుతుంది, ఆరవుతుంది. మళ్ళీ మొదట్నించి కట్టుకోవాలి. నేర్చుకోవచ్చులే నాన్నా అన్నాను. ఊఁ అన్నాడు.

ఏడాది కావస్తోంది, ఇంకా అమెచ్యూర్‌లోనే ఉన్నాడు. సగటు గీత దాటబోతోందనిపించినప్పుడు ఒక ఆట మొత్తం కూర్చుని బంతులన్నీ వరసగా చెరువులోకి కొట్టి వస్తాడట. గురి నేరుగా చెరువు మధ్యలో పెడితే మీటరు ఎటు పోయినా నీళ్ళే కదా, ఆ రాత్రి కుడిపక్క నాలుగు గజాలు లెక్కపెట్టాల్సిన పని ఉండదు. ఇది నాతో చెప్పలేదు. అమ్మ చెప్పింది.